పాత గిటారు వయసు తెలుసుకోవడం ఎలా? అమ్మే ముందు, వాటాలు వేసే ముందు చూడాల్సినవి

ఏలూరు: ఇల్లు మారుతుంటేనో, పెద్దాయన పోయాక సామాను సర్దుతుంటేనో అటక మీద నుంచి ఒక పాత గిటారు దిగుతుంది. అబ్బా కువైట్ నుంచి తెచ్చిందో, చాచా పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో వాయించిందో, ఎప్పుడు ఎక్కడ కొన్నదో ఇంట్లో ఎవరికీ సరిగ్గా గుర్తుండదు. పాత సామాన్లు కొనే ఆయన ఐదు వందలు ఇస్తానంటాడు. ఫోన్‌లో ఫోటో చూసిన బంధువు మాత్రం 'అది వింటేజ్, లక్షల్లో పలుకుతుంది, తొందరపడొద్దు' అంటాడు. ఈ రెండు మాటల మధ్య ఏది నమ్మాలో ఇంట్లోవాళ్లకి తెలీదు.

మన ఇళ్లల్లో ఇది కుతూహలం ఒక్కటే కాదు, లెక్క కూడా. చనిపోయినవారి అంత్యక్రియల ఖర్చు, అప్పులు, వసీయత్ తీరిన తర్వాత మిగిలిన ప్రతి వస్తువులోనూ వారసులందరికీ హక్కు ఉంది. కూతుళ్లకీ ఉంది. 'పాత చెక్కే కదా' అని ఒక కొడుకు పట్టుకెళ్లిన గిటారు తర్వాత పెద్ద ధరకి అమ్ముడైతే, అక్కచెల్లెళ్ల వాటా పోయినట్టే. అదే గిటారుకి గాలి మాట మీద లక్ష రూపాయలు కట్టి ఒకరి వాటాలో వేస్తే, బజారులో దానికి రెండు వేలు కూడా రాకపోతే, ఆ ఒక్కరు నష్టపోతారు. రెండు వైపులా అన్యాయమే.

సంగీత వాయిద్యాల గురించి ఉలమాల్లో ఉన్న అభిప్రాయ భేదాల్లోకి ఈ వ్యాసం వెళ్లదు. ఆ సందేహం ఉన్నవాళ్లు తమ మౌల్వీ సాబ్‌ని అడిగి తెలుసుకోవచ్చు. వస్తువు ఇంట్లో ఉంది కాబట్టి దాని రకం, వయసు నిజాయితీగా ఎలా తేల్చుకోవాలి అన్నదే ఇక్కడ విషయం.

కొల్లేరు గాలి చెప్పే అబద్ధం

ముందుగా ఒక మాట గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. పాతగా కనిపించడం వేరు, పాతది కావడం వేరు.

కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య ఉన్న కొల్లేరు చుట్టుపక్కల గాలిలో తేమ ఎక్కువ. బుడమేరు, తమ్మిలేరు వచ్చి కలిసే పల్లం ఇది. కైకలూరు, ఆకివీడు, భీమడోలు, ఏలూరు వైపు ఇళ్లల్లో ఇనప వస్తువు రెండు వానాకాలాలు చూస్తే చాలు, తుప్పు పట్టేస్తుంది. గిటారు కూడా అంతే. తీగలు ఎర్రబారతాయి. తీగలు బిగించే కీల మీద పూత లేస్తుంది. చెక్క ఉబ్బి అంచులు విడిపోతాయి. లోపల బూజు వాసన వస్తుంది. ఐదేళ్ల క్రితం కొన్న మామూలు గిటారు కూడా చూసేవాళ్లకి యాభై ఏళ్ల నాటిదిలా అనిపిస్తుంది.

దీనికి తిరుగుడు కూడా ఉంది. మంచి పెట్టెలో, గుడ్డ చుట్టి, పొడి గదిలో దాచిన 1970ల నాటి గిటారు నిన్నగాక మొన్న కొన్నట్టు ఉండొచ్చు. అందుకే తుప్పు, గీతలు, రంగు వెలిసిపోవడం చూసి వయసు చెప్పేవారి మాట మన ప్రాంతంలో అసలు పనికిరాదు. వయసు చెప్పేవి వేరే ఉన్నాయి. లోపలి లేబుల్, నెంబరు, తయారీ పద్ధతి, కొన్ననాటి కాగితాలు.

మొదట ఏ రకమో చూడండి

గిటారు అనే పేరు మీద మన ఇళ్లల్లో కనీసం మూడు రకాలు కనిపిస్తాయి.

ఒకటి, స్టీలు తీగల గిటారు. ఆరూ లోహపు తీగలే ఉంటాయి. చాలావాటిలో తీగ చివర ఉండే గుండుని బ్రిడ్జి రంధ్రంలో పెట్టి చిన్న పిన్నుతో బిగిస్తారు. ఆర్కెస్ట్రాల్లో, చర్చిల్లో, కాలేజీ కుర్రాళ్ల చేతుల్లో ఎక్కువగా కనిపించేది ఇదే.

రెండు, క్లాసికల్ గిటారు. మెడ వెడల్పుగా ఉంటుంది. తీగల్లో మూడు ప్లాస్టిక్ దారంలా ఉంటాయి. అవి నైలాన్. బ్రిడ్జి దగ్గర తీగని ముడి వేసి కడతారు. ఈ రకానికి ఇప్పటి రూపం ఇచ్చినవాడు 19వ శతాబ్దపు స్పెయిన్ కారీగర్ ఆంటోనియో టోర్రెస్. అప్పట్లో తీగలు జంతువుల పేగుతో చేసేవారు. నైలాన్ తీగలు 1940లలో వచ్చాయి. ఈ గిటారుకి స్టీలు తీగలు బిగిస్తే లాగుడు ఎక్కువై పైపలక ఉబ్బుతుంది, బ్రిడ్జి లేచిపోతుంది. మన దగ్గర పాడైన క్లాసికల్ గిటార్లలో ఈ పొరపాటు జరిగిందేమో ముందు చూడాలి.

మూడు, హవాయి గిటారు. దీన్ని ఒళ్లో పడుకోబెట్టి, ఎడమ చేత్తో ఇనప కడ్డీ జరుపుతూ వాయిస్తారు. తీగలు మెడకి చాలా ఎత్తులో ఉండడం దీని గుర్తు. మన దేశంలో ఒకప్పుడు దీని మోజు ఎక్కువ. వాన్ షిప్లీ, సునీల్ గంగూలీ లాంటివాళ్లు సినిమా పాటల బాణీలని దీని మీద వాయించి రికార్డులు ఇచ్చారు. దీన్నుంచే విశ్వమోహన్ భట్ మోహన వీణ పుట్టింది. 1994లో ఆయన రై కూడర్‌తో కలిసి గ్రామీ అందుకున్నారు. ఇంట్లో దొరికిన గిటారు తీగలు ఎత్తుగా ఉన్నాయని 'మెడ వంగిపోయింది, పనికిరాదు' అని పారేయకండి. మెడ మొదట్లో తీగలు ఆనే చిన్న పట్టీ కూడా ఎత్తుగా ఉంటే అది హవాయి గిటారు కావచ్చు. పట్టీ మామూలుగానే ఉండి, గుండ్రటి రంధ్రం దగ్గరికి వచ్చేసరికి మాత్రమే తీగలు లేస్తే, అప్పుడు మెడ వంగినట్టు.

లేబుల్ చదవడం ఒక విద్య

తీగలు వదులు చేసి, నడుమ గుండ్రటి రంధ్రంలోంచి ఫోన్ టార్చ్ వేసి చూడండి. అడుగు పలక మీద కాగితం లేబుల్ ఉంటుంది. లేదా మెడ, పెట్టె కలిసే చోట లోపలి చెక్క దిమ్మ మీద నెంబరు కొట్టి ఉంటుంది. చిన్న అద్దం లోపలికి పెడితే పైపలక అడుగున రాసినవి కూడా కనిపిస్తాయి. ఫోన్‌తో ఫోటోలు తీసి పెద్దవి చేసి చదవండి.

లేబుల్ మీద తేదీ లేకపోయినా బెంగ లేదు. చిరునామా తేదీ చెప్తుంది. ఈ కింది గుర్తులు మన దేశపు, విదేశీ లేబుళ్లకి బాగా పనికొస్తాయి.

ఆరంకెల పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు 15 తర్వాతి ముద్రణ. ఆ రోజునే పిన్‌కోడ్ పద్ధతి మొదలైంది.

బొంబాయి బదులు ముంబై అని ఉంటే 1995 తర్వాత. మద్రాసు బదులు చెన్నై అని ఉంటే 1996 తర్వాత. కలకత్తా బదులు కోల్‌కతా అని ఉంటే 2001 తర్వాత.

మొబైల్ నెంబరు, ఈమెయిల్, వెబ్‌సైట్ ఉంటే 1995 కంటే ముందుది కాదు. మన దేశంలో మొబైల్ సేవ, సామాన్యులకి ఇంటర్నెట్ రెండూ ఆ ఏడాదే మొదలయ్యాయి.

రూపాయి కొత్త గుర్తు ఉంటే 2010 జూలై తర్వాత.

'ఆక్యుపైడ్ జపాన్'లో తయారీ అని ఉంటే రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక, 1952 లోపు. 'పశ్చిమ జర్మనీ' అని ఉంటే 1949 నుంచి 1990 మధ్య. 'చెకొస్లొవేకియా' అని ఉంటే 1992 చివరికి ఆ దేశం విడిపోక ముందు. 'యూఎస్ఎస్ఆర్' అని ఉంటే 1991 లోపు.

ఇక్కడ ఒక సూత్రం ఉంది. లేబుల్ మీద ఉన్న గుర్తుల్లో అన్నిటికంటే కొత్తది ఏదో దాన్నే లెక్కలోకి తీసుకోవాలి. లేబుల్ మీద 'కలకత్తా' అని పాత పేరు ఉంది, పక్కనే పదంకెల మొబైల్ నెంబరు ఉంది అనుకోండి. పాత పేరు చూసి మురిసిపోకూడదు. మొబైల్ నెంబరే నిజం చెప్తోంది. పాత పేరుని అలవాటు కొద్దీ చాలా ఏళ్లు వాడేవాళ్లుంటారు, పాత లేబుళ్లు అయిపోయేదాకా అంటించేవాళ్లూ ఉంటారు. అంటే, కొత్త గుర్తు 'ఇంతకంటే ముందుది కాదు' అని ఖాయంగా చెప్తుంది. పాత గుర్తు మాత్రం 'ఇంతకంటే తర్వాతది కాదు' అని ఖాయంగా చెప్పలేదు.

గిబ్సన్ కాదు, గివ్‌సన్

మన దగ్గర ఎక్కువ ఆశలు పుట్టేదీ, ఎక్కువ గొడవలు వచ్చేదీ ఈ పేరు దగ్గరే.

గిబ్సన్ అమెరికా కంపెనీ. 1902లో మిషిగన్ రాష్ట్రంలోని కలమజూలో మొదలైంది. గివ్‌సన్, గిబ్‌టోన్ మన దేశపు పేర్లు. కోల్‌కతా తయారీ. అలాగే హోనర్ జర్మనీది, 1857 నుంచి ఉంది. హోబ్‌నర్ మనది. అక్షరం తేడా చూడకుండా 'గిబ్సన్ గిటారు దొరికింది' అని సంబరపడిన ఇళ్లు, అమ్మకానికి పెట్టినవాళ్లు చాలామంది.

ఇవి దొంగ సరుకు అని చెప్పడం లేదు. ఇవి మన దేశంలో సొంత పేర్లతో తయారై, మధ్యతరగతి పిల్లలు నేర్చుకోవడానికి అందుబాటు ధరలో దొరికిన గిటార్లు. హార్మోనియంల లాగే గిటార్ల తయారీకీ కోల్‌కతా పెద్ద కేంద్రం. తాడేపల్లిగూడెం, ఏలూరు రెండూ హౌరా–చెన్నై మెయిన్ లైన్ మీద ఉన్న స్టేషన్లే. కోల్‌కతా సరుకు మన ఊళ్లకి చేరడం కష్టమేమీ కాదు. అందుకే ఇక్కడ అటక మీద దొరికే గిటారు అమెరికాది కంటే కోల్‌కతాది అయ్యే అవకాశమే ఎక్కువ.

గుర్తుపట్టడానికి కొన్ని లక్షణాలు చూడండి. కోల్‌కతా పాత గిటార్లలో చాలావాటికి తీగలు బ్రిడ్జి దగ్గర ఆగవు, పెట్టె చివరిదాకా వెళ్లి ఒక లోహపు రేకుకి తగులుకుంటాయి. బ్రిడ్జిని అంటించకుండా తీగల ఒత్తిడి మీదే నిలబెడతారు. పెట్టె ప్లైవుడ్‌తో ఉంటుంది. ఇవి ఎంత పాతవైనా వయసుని బట్టి ధర పెరిగే రకం కాదు. వాయించడానికి బాగుంటే వాడుక ధర వస్తుంది. అంతకు మించి ఉన్నది ఇంటి జ్ఞాపకం. దానికి వెల కట్టేది ఇంట్లోవాళ్లే, బజారు కాదు.

గల్ఫ్ నుంచి వచ్చిన యమహా

కువైట్, మస్కట్, దుబాయ్ వెళ్లొచ్చినవాళ్ల సామానులో టేప్ రికార్డరుతో పాటు యమహా గిటారు కనిపిస్తే ఆశ్చర్యం లేదు. దీని వయసు తేల్చడం కాస్త తేలిక.

యమహా కంపెనీ పాత పేరు నిప్పాన్ గక్కి. 1897 నుంచి ఆ పేరుతో నడిచి, 1987లో యమహా కార్పొరేషన్‌గా మారింది. కాబట్టి లేబుల్ మీద కంపెనీ పేరు నిప్పాన్ గక్కి అని ఉంటే అది 1987కి ముందుది. అటక మీది గిటారు కనీసం ముప్పై ఐదేళ్ల పైబడినదని ఒక్క చూపులో తేలిపోతుంది.

ఎఫ్‌జీ అనే అక్షరాలతో మొదలయ్యే మోడళ్లు 1966లో వచ్చాయి. ఎఫ్‌జీ 180, ఎఫ్‌జీ 150 మొదటివి. తొలి ఏళ్లలో లోపల ఎర్ర లేబుల్ ఉండేది. వాయించేవాళ్లు వీటిని 'రెడ్ లేబుల్' అని ప్రత్యేకంగా వెతుక్కుంటారు. తర్వాత ఆకుపచ్చ లేబుల్ వచ్చింది. 1970ల నుంచి తైవాన్‌లో కూడా తయారయ్యాయి. లేబుల్ మీద దేశం పేరు చూస్తే ఆ సంగతి తెలుస్తుంది. ఇంకో విషయం, అంత పేరున్న ఎఫ్‌జీ 180 కూడా ప్లైవుడ్ గిటారే. ప్లైవుడ్ అయితే చెత్త, ఒకే పలక అయితే గొప్ప అని గుడ్డిగా అనుకోకూడదని దీన్ని బట్టి అర్థమవుతుంది.

మార్టిన్, గిబ్సన్ నెంబర్లు ఎలా చదవాలి

అమెరికా గిటారు మన ఊళ్లో దొరకడం అరుదు. కానీ ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు చెప్పే మాట పరీక్షించడానికైనా ఇది తెలిసి ఉండాలి.

మార్టిన్ 1833లో మొదలైన కంపెనీ. పెన్సిల్వేనియాలోని నజరెత్ దాని ఊరు. 1898 నుంచి ప్రతి గిటారుకీ వరస నెంబరు వేస్తోంది. అప్పటిదాకా చేసినవి సుమారుగా లెక్కేసుకుని 8000 నుంచి మొదలుపెట్టింది. నెంబరు లోపల మెడ దిమ్మ మీద ఉంటుంది. 1950 ముగిసేసరికి 1,17,961, 1960 ముగిసేసరికి 1,75,689, 1970 ముగిసేసరికి 2,71,633 దాకా వచ్చింది. అంటే నెంబరు 1,50,000 ఉన్న గిటారు 1950లలో తయారైనదే. దాన్ని ఎవరైనా '1930ల నాటిది' అని చెప్తే ఆ మాట నిలవదు. నెంబరు చెప్తే ఏ ఏడాదిదో చూపించే పట్టిక కంపెనీ వెబ్‌సైట్‌లోనే ఉంది.

గిబ్సన్ నెంబర్లలో గందరగోళం ఎక్కువ. 1960, 70లలో ఒకే నెంబరు వేరువేరు ఏళ్లలో మళ్లీ వాడారు. నెంబరు ఒక్కటే చూసి ఏడాది చెప్పలేం. 1977 నుంచి మాత్రం ఎనిమిదంకెల పద్ధతి వచ్చింది. మొదటి అంకె, ఐదో అంకె కలిపితే ఏడాది. రెండు, మూడు, నాలుగు అంకెలు ఆ ఏడాదిలో ఎన్నో రోజో చెప్తాయి. ఉదాహరణకి 80819654 అని ఉంటే, మొదటిది 8, ఐదోది 9, కాబట్టి 1989. మధ్యలో 081, అంటే ఏడాదిలో 81వ రోజు, మార్చి 22. ఆ మధ్య అంకెలు 366 దాటితే ఆ నెంబరు ఈ పద్ధతిలోది కాదు, అనుమానించాలి.

నెంబరు సరిపోయినంత మాత్రాన గిటారు అసలుదని కాదు. ఈ పేర్లతో నకిలీలు బజారులో తిరుగుతున్నాయి. నకిలీ చేసేవాడు నెంబరు కూడా వేస్తాడు. నెంబరు చెప్పే ఏడాది, తయారీ పద్ధతి రెండూ పొసగాలి. కొన్ని కొలమానాలు చూడండి. డ్రెడ్‌నాట్ అనే పెద్ద పొట్ట గిటారు మార్టిన్ సొంత పేరుతో వచ్చింది 1931లో. మెడ లోపలి ఇనప కడ్డీని అలెన్ కీతో తిప్పి సరిచేసుకునే వీలు మార్టిన్ గిటార్లలో 1985 నుంచే ఉంది. 1969 చివరి దాకా మార్టిన్ ఖరీదైన గిటార్ల వీపు, పక్కలు బ్రెజిల్ రోజ్‌వుడ్. ఆ తర్వాత మన దేశపు రోజ్‌వుడ్‌కి మారింది. మన అడవుల్లో ఇరుగుడు అని పిలిచే చెట్టు అదే. '1955 మార్టిన్' అని చెప్పే గిటారు రంధ్రంలోంచి చూస్తే కడ్డీ తిప్పే బెజ్జం కనిపించింది అనుకోండి. ఆ కథ అక్కడితో ఆగిపోయినట్టే.

చెక్క, బంక, స్క్రూలు

లేబుల్ ఊడిపోతే తయారీ మీద ఆధారపడాలి.

గుండ్రటి రంధ్రం అంచు చూడండి. పైపలక పోగు అంచు నుంచి లోపలికి అలాగే దిగితే ఒకే పలక. అంచులో పొరలు పొరలుగా కనిపిస్తే ప్లైవుడ్.

లోపలి అతుకుల దగ్గర బంక చూడండి. పాతకాలం వడ్రంగులు వాడిన వజ్రం ఎండితే తేనె రంగులో, గాజులా పెళుసుగా ఉంటుంది. తేమకి పట్టు వదులుతుంది. మన ప్రాంతంలో పాత గిటార్ల అతుకులు ఊడడానికి అదొక కారణం. తెల్లటి ఫెవికాల్ లాంటి బంక కనిపిస్తే జాగ్రత్తగా ఆలోచించాలి. ఫెవికాల్ బజారులోకి వచ్చింది 1959లో. కాబట్టి తయారీయే ఆ తర్వాతది అయినా కావాలి, లేదా ఆ అతుకు తర్వాత ఎవరో మరమ్మతు చేసింది అయినా కావాలి.

స్క్రూల తల మీద ప్లస్ గుర్తు ఉంటే 1930ల మధ్య కంటే ముందువి కావు. మైనస్ గుర్తు ఉంటే పాతవని మాత్రం చెప్పలేం. మన దేశంలో అవి చాలాకాలం వాడారు, ఇప్పటికీ దొరుకుతాయి.

గిటారు పక్కన బ్యాటరీ పెట్టె, శబ్దం సరిచేసే మీటలు ఉంటే ఆ అమరిక 1980లకి ముందుది అయ్యే అవకాశం తక్కువ. అయితే పాత గిటారుకి తర్వాత కోసి పెట్టించినది కూడా కావచ్చు.

కీలు, బ్రిడ్జి పిన్నులు, తీగలు మార్చే వస్తువులు. వాటిని బట్టి గిటారు వయసు చెప్పకూడదు. కారు టైరు చూసి కారు ఏ ఏడాదిదో చెప్పలేం కదా. మార్చడం కుదరని వాటినే నమ్మాలి. లోపలి దిమ్మ, పలకల అడుగున ఉండే ఊత బద్దలు, పెట్టె ఆకారం ఇలాంటివి.

బిల్లు దొరికితే సగం పని అయినట్టే

గిటారు పెట్టె జేబుల్లో, పాత ఫైళ్లలో, ట్రంకు పెట్టె అడుగున వెతకండి. బిల్లు మీద తేదీ చెరిగిపోయినా పన్ను నెంబరు కాలం చెప్తుంది. మన రాష్ట్రంలో వ్యాట్ 2005 ఏప్రిల్ 1 నుంచి వచ్చింది. బిల్లు మీద 11 అంకెల టిన్ నెంబరు ఉంటే ఆ తర్వాతిది. జీఎస్టీ 2017 జూలై 1 నుంచి. 15 అక్షరాలు, అంకెలు కలిసిన నెంబరు 37తో మొదలైతే ఆంధ్రప్రదేశ్ దుకాణం. దుకాణం చిరునామాలో 'ఏలూరు జిల్లా' అని ఉంటే 2022 ఏప్రిల్ తర్వాత. అంతకు ముందు ఏలూరు పశ్చిమ గోదావరి జిల్లా కేంద్రం.

పాత ఫోటోలు కూడా సాక్ష్యమే. ఆల్బమ్‌లో ఎవరి పెళ్లి ఫోటోలోనైనా ఆ గిటారు కనిపిస్తే, నిఖానామా మీద తేదీ చూసుకోండి. ఆ తేదీకి గిటారు ఇంట్లో ఉన్నట్టే. గల్ఫ్ నుంచి తెచ్చిందైతే అబ్బా పాత పాస్‌పోర్టు మీద ముద్రలు చూడండి.

కథలు మాత్రం సాక్ష్యం కావు. తాడేపల్లిగూడెంలో రెండో ప్రపంచ యుద్ధం నాటి రన్‌వే ఉంది. 'ఆ రోజుల్లో తెల్ల సైనికుడు వదిలేసి వెళ్లిన గిటారు ఇది' అని ఎవరైనా అమ్మజూపితే, కథ వినడానికి బాగుంటుంది. కానీ లేబుల్ మీద పిన్‌కోడ్ ఉంటే ఆ గిటారు యుద్ధం అయ్యాక పాతికేళ్లకి పైగా గడిచాక పుట్టింది. చెప్పేవాళ్లు అబద్ధం ఆడుతున్నారనీ కాదు, వాళ్లకి కూడా ఎవరో అలాగే చెప్పి ఉంటారు.

ఈ పనులు చేయకండి

తేలేదాకా గిటారుని శుభ్రం చేయొద్దు. పొడి మెత్తని గుడ్డతో దుమ్ము తుడిస్తే చాలు. పాలిష్ కొట్టించడం, రంగు వేయించడం అసలు వద్దు. పాత వస్తువుకి ధర తెచ్చేది అసలు పూతే. కొత్త రంగు వేస్తే ధర పడిపోతుంది, వయసు చెప్పే గుర్తులు కూడా పోతాయి. థిన్నర్, స్పిరిట్‌తో తుడిస్తే పాత పూత కరిగిపోతుంది.

పాత గిటారుకి ఒక్కసారిగా కొత్త తీగలు బిగించి శృతి చేయకండి. బలహీనపడిన అతుకులు ఆ లాగుడికి ఊడతాయి.

ఎండలో ఆరబెట్టకండి. తేమ పట్టిన చెక్క ఒక్కసారిగా ఎండితే పగులుతుంది. గిటారుకి గాలిలో తేమ 45 నుంచి 55 శాతం ఉంటే మంచిదంటారు. మన దగ్గర వానాకాలంలో అది కుదరదు కాబట్టి మూత గట్టిగా పడే పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వేసి, నేల మీద కాకుండా ఎత్తులో, బయటి గోడకి ఆనకుండా పెట్టండి. వరద నీటిలో తడిసినదైతే లోపల నీటి చార కనిపిస్తుంది. అది వయసుకి గుర్తు కాదు, నష్టానికి గుర్తు. అమ్మేటప్పుడు కొనేవాళ్లకి ఆ సంగతి దాచకుండా చెప్పాలి. లోపం చెప్పి అమ్మడం మన దీన్ నేర్పిన వ్యాపార నీతి.

దేశం దాటించాలంటే

విదేశాల్లో ఉన్న కొడుక్కో, కొనేవాళ్లకో పంపాలంటే రెండు చట్టాలు గుర్తుంచుకోవాలి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన పురావస్తువుల్ని ప్రైవేటు వ్యక్తులు దేశం బయటికి పంపకూడదు. అంత పాతదేమో అనే అనుమానం ఉంటే, అది పురావస్తువు కాదనే ధ్రువపత్రం పురావస్తు శాఖ నుంచి తీసుకోవాలి. రెండోది చెక్క. బ్రెజిల్ రోజ్‌వుడ్ మీద 1992 నుంచి అంతర్జాతీయంగా గట్టి ఆంక్షలు ఉన్నాయి. మిగతా రోజ్‌వుడ్ రకాలని 2017లో అనుమతుల జాబితాలో చేర్చినా, తయారైన సంగీత వాయిద్యాలకి 2019 నవంబరు నుంచి మినహాయింపు ఇచ్చారు. దంతపు ముక్కలు ఉన్నట్టు అనుమానం వస్తే అమ్మకం మాట ఎత్తకుండా ముందు అటవీ శాఖని అడగండి.

ధర మాట

వయసు తేలాక ధర వేరే విషయం. ధరని నిర్ణయించేవి నాలుగు: ఎవరు చేశారు, ఏ మోడల్, ఎంతవరకు అసలు భాగాలతో ఉంది, ఏ స్థితిలో ఉంది. వయసు ఈ నాలుగింటికీ తోడు మాత్రమే. మార్టిన్ డీ45 అనే గిటారుని 1933 నుంచి 1942 దాకా 91 మాత్రమే చేశారు. అందుకే అవి కోట్లలో పలుకుతాయి. అదే ఏడాది వేలకొద్దీ తయారైన మామూలు గిటారుకి అదే వయసు ఉన్నా ఆ ధర రాదు.

ఇంట్లో వాటాలు వేయాల్సి వస్తే ఒక కాగితం మీద ఇవి రాయండి: లేబుల్ మీద ఉన్నది ఉన్నట్టు, నెంబరు, తయారైన దేశం, తేలిన కాలం, ఆ కాలం ఎలా తేలిందో, పగుళ్లు, మరమ్మతులు. లేబుల్, దిమ్మ, ముందు, వెనక, పక్కల ఫోటోలు జతచేయండి. ఒకరికొకరు సంబంధం లేని ఇద్దరు వాయిద్యాల వ్యాపారుల చేత ధర చెప్పించండి. ఆన్‌లైన్‌లో అడుగుతున్న ధర కాదు, అమ్ముడైన ధర చూడండి. ఎవరైనా ఎంతైనా అడగొచ్చు, ఇచ్చేవాడు ఉన్నప్పుడే అది ధర. ఆ కాగితాన్ని వారసులందరికీ, దూరంలో అత్తారింట్లో ఉన్న కూతురికి కూడా, వాట్సాప్‌లో పంపండి. అందరూ చూసి సరేనన్నాకే ఎవరు ఉంచుకోవాలో, అమ్మాలో తేల్చుకోండి.

చాలా ఇళ్లల్లో చివరికి తేలేది అది కోల్‌కతా గిటారనో, 1980ల నాటి యమహా అనో. లక్షలు రావు. కానీ ఎవరూ మోసపోరు, ఎవరి వాటా పోదు. ఆ తర్వాత కూడా ఎవరికీ అమ్మబుద్ధి కాకపోతే, అబ్బా చేతివేళ్లు ఆడిన మెడని గుడ్డతో తుడిచి, ఈసారి తేమ తగలని చోట పెట్టుకోవచ్చు.